అలిపిరి దిగువను, అలిపిరి యెగువను: క్రైస్తవ సంస్కారముతో హైందవమును చదివినవారు

క్రైస్తవ కుటుంబమున జన్మించి, బైబిలు వాక్యములతో బుద్ధి వికసించినవాడు హైందవమును తెలిసికొనగోరినచో మొదటి యడుగు నెక్కడ పెట్టును? ఆ మొదటి యడుగు పడిన తావే తరువాతి ప్రయాణము నంతటిని నిర్ణయించునా? ఈ ప్రశ్నను మతచర్చగా గాక సాహిత్యవిమర్శగా విచారింపవలెనని మా యుద్దేశము. ఏలయన, మన దేశమున నట్టి ప్రయాణము చేసినవారు తమ వెనుక గ్రంథములను విడిచిపోయిరి. నిఘంటువులు, పరిష్కృత ప్రతులు, వ్యాసములు, ఆత్మకథ, కావ్యము - ఇట్లు పలు రూపముల నవి మనకు లభించుచున్నవి. వానిని మనము రెండు తీరుల చదువుచు వచ్చితిమి. కృతజ్ఞతతో చదువుట యొకటి. అనుమానముతో చదువుట మరియొకటి. బ్రౌను చిత్రపటమునకు పూలమాల వేసి కూర్చుండుట మొదటి తీరు. మిషనరీ యను మాట వినబడగనే పుస్తకమును మూసివేయుట రెండవ తీరు. రెంటియందును చదువబడనిది గ్రంథమే.

మన యాలంకారికులు ఉపమకు చెప్పిన లక్షణ మిచ్చట మిక్కిలి యుపకరించును. ఉపమానోపమేయములకు సాధర్మ్య ముండవలెను. అయినను రెంటికిని గల భేదము నశింపరాదు. భేదము నశించినచో అది రూపకమగును. ఒకదానిని చూచి మరియొకటి యని నిశ్చయించినచో భ్రాంతిమంత మగును. ఉపమేయమునకు ఆధిక్యము చెప్పినచో వ్యతిరేకాలంకార మగును. కొత్తగా వచ్చినవానికి స్వమత ముపమానము, హైందవ ముపమేయము. పోలిక లేనిదే అతనికి ప్రవేశము లేదు. అయితే ఆ పోలిక యతనిని లోనికి దెచ్చిన పిదప ఎంతదూరము నడిపించినది, ఎచ్చట నాపినది యను విచారణమే విమర్శకుని పని. అతడు తుదకు మతము మార్చుకొనెనా లేదా యనునది వేరు విషయము. దానితో మాకు పని తక్కువ.

ఈ విచారణకు అలిపిరి తగిన తావు. శేషాచలపు పాదమున, తిరుమల కేగు సోపానమార్గము మొదలగు చోట, పాదాలమండపమున భక్తులు స్వామి పాదరక్షలను శిరస్సున నుంచుకొని ప్రదక్షిణము చేయుచుందురు. అచ్చటినుండి సుమారు 3550 మెట్లు. 1944లో మొదటి ఘాటురోడ్డు వచ్చువరకు కాలినడకయో డోలీయో తప్ప యాత్రికునకు వేరు గతి లేకుండెను. అన్యమతస్థునకు అలిపిరియే యవధి. ఐరోపీయు డెవడును 1870 వరకు కొండ నెక్కలేదనియు, ఆ యేట ఒక పోలీసు అధికారి తప్పించుకొనిపోయిన నేరస్థుని వెదకుచు ఎక్కెననియు వెనుకటి యాంగ్లేయ గ్రంథములు చెప్పుచున్నవి. మొదటి యారోహణము దర్శనాపేక్షచే గాక నేరపరిశోధనార్థము జరిగినదన్నమాట!

కాని ఈ యవధికి దిగువనే నిలిచి, నలువది యేండ్లకు మించి, కొండపై దేవస్థానమును పాలించినవా రొకరు కలరు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యముతోపాటు తిరుమల దేవస్థానము ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చెను. 1843లో హథీరాంజీ మఠము మహంతు సేవాదాసుజీకి అప్పగింపబడువరకు అది ఉత్తరార్కాటు కలెక్టరు అధీనమున నుండెను. కొండపై జరుగు ప్రతి సేవకును లెక్క తెలిసినవాడాయన. ఆ సేవలలో నొక్కదానినైనను కన్నులార చూడనివాడును ఆయనయే. ఈ విచిత్రస్థితినుండి ఒక వాఙ్మయము పుట్టెను. 1803 నాటి స్ట్రాటన్ నివేదిక, సవాలు జవాబు పట్టీ, ప్రసాదములకు వలసిన పదార్థముల కొలతలు దెలుపు దిట్టము, కైంకర్యపట్టీ, 1821 నాటి బ్రూసు కోడు - ఇవి యన్నియు చరిత్రకారులకు సుపరిచితములే. సాహిత్యపరులు మాత్రము వీనివైపు చూడలేదు. చూడవలసియున్నది.

వీనిలో సవాలు జవాబు పట్టీ రూపముచేతనే మన కాసక్తి గొలుపును. అడుగువాడు దిగువ నున్నాడు. చెప్పువాడు ఎగువ నున్నాడు. మధ్య నున్నది లిఖితమైన ప్రశ్న. ఉపనిషత్తులయందును, తంత్రగ్రంథములయందును ప్రశ్నోత్తరరూపము మనకు క్రొత్త గాదు. అచ్చట అడుగువాడు శిష్యుడు, చెప్పువాడు గురువు. ఇచ్చట అడుగువాడు ప్రభువు. చెప్పువాడు జీతగాడో, మిరాసీదారుడో. ఎవరు, ఎప్పుడు, ఎంత - ఈ మూడును ఇట్టి పత్రములకు ప్రాణములు. ఏల యను ప్రశ్నకు వీనియం దవకాశము తక్కువ. అయినను వీనిని తీసివేయుటకు వీలులేదు. లోపలివాడు తనకు నిత్యపరిచితమైన దానిని వ్రాసి యుంచుకొనడు. తళిగకు బియ్య మెంత, నేయి యెంత యని తాత తండ్రికి, తండ్రి కొడుకునకు చేతితో చూపును గాని కాగితమున కెక్కింపడు. తెలియనివాడు అడిగినందువలననే తెలిసినవాడు వ్రాయవలసివచ్చెను. నేడు తిరుమల యాచారముల చరిత్ర వ్రాయువారు ఆ యజ్ఞానమునకు ఋణపడియున్నారు.

ఈ వాఙ్మయమున పోలిక లేదు. లెక్కకు పోలికతో పని లేదు గదా! కలెక్టరునకు హైందవము ఉపమేయము గాలేదు. జమాఖర్చు మాత్రమే యయ్యెను. క్రైస్తవప్రభుత్వము విగ్రహారాధనమువలన ఆదాయము పొందుచున్నదని ఇంగ్లాండునందలి మతాభిమానులు ఆందోళనము చేయగా, తుదకు కంపెనీ దేవస్థానపాలనమును వదలుకొనెను. ఆ యాందోళనము చేసినవారైనను కొండ నెరుగరు.

ప్రజలు మాత్ర మీ దూరమును సహింపలేదు. 1820 నుండి 1827 వరకు చెన్నపట్టణమున గవర్నరుగా నుండిన థామస్ మన్రో ప్రసాదము భుజించి యుదరవ్యాధిని పోగొట్టుకొనెననియు, కృతజ్ఞతగా స్వామి నైవేద్యమునకు గంగాళము సమర్పించెననియు కథ కలదు. మన్రో గంగాళము పేరు నేటికిని వినబడును. ఇట్టిదే మంత్రాలయమున రాఘవేంద్రస్వామి మన్రోకు దర్శన మిచ్చిన కథ. ఇవి చరిత్రకు నిలుచునా యను ప్రశ్న వేరు. కథానిర్మాణమును చూడుడు. బ్రూసు కోడు వెలువడిన కాలమున గవర్నరు మన్రోయే. పత్రములయందు లెక్కలు చూచు ప్రభుత్వమునకు కథయందు ఆకలియు, రోగమును, రుచియు కల్పింపబడినవి. కొత్తవాడు దిగువనే యుండిపోవుట జానపదుని మనస్సున కింపుగాలేదు. కనుక ప్రసాదమునే దిగువకు పంపినాడు.

ఇక కొండదారి గాక మాటదారి పట్టినవానిని చూతము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, మతప్రచారమునందు దీక్ష గలవాడు. హీబ్రూ మొదలగు ప్రాచ్యభాషలు కుమారునకు బాల్యముననే పరిచితములయ్యెను. 1817లో చెన్నపట్టణమునకు వచ్చి, 1820లో కడపలో కొలువున ప్రవేశించినపుడు ఆయనకు తెలుగు రాజకార్యభాష మాత్రమే. సాహిత్యమున ఆయన పెట్టిన మొదటి యడుగు వేమన. ఆ వేమన పేరును ఆయనకు చూపినది ఫ్రెంచి కాథలిక్ గురువు అబే దుబ్వా గ్రంథము. ఈ విషయము నొకింత నిలిచి ఆలోచింపవలెను. తెలుగుదేశమున నుద్యోగము చేయుచున్న ప్రొటెస్టెంటు యువకునకు తెలుగుకవిని పరిచయము చేసినవాడు మరియొక కొత్తవాడు. దుబ్వా గ్రంథములోని విషయములో చాలభాగము అంతకు ముందు తరమువాడైన కూర్దూ అను జెసూటు గురువు వ్రాతనుండి వచ్చినదని 1987లో సిల్వియా మూర్ నిరూపించెను. అనగా కొత్తవారి చూపులును పారంపర్యముగనే వచ్చుచుండును. వారికిని సంప్రదాయ మొకటి కలదు. తొలిచూపు అని మనము భ్రమపడు చోట వెనుక ఇద్దరు ముగ్గురు నిలిచియుందురు.

వేమననే బ్రౌను ఏల పట్టుకొనెను? సమాధానము కఠినము గాదు. విగ్రహములను, తీర్థములను, కులగర్వమును పరిహసించు కవి, సువార్తమత సంస్కారమున పెరిగినవానికి తనవాడుగా దోచును. భాష సులభము, పద్యము చిన్నది, నీతి స్పష్టము. ఇది నిండుపోలిక. 1829లో ఆయన ప్రకటించిన సంపుటమున 693 పద్యములు ఆంగ్లానువాదముతో నున్నవి. పద్యములను విషయానుసారముగ వర్గీకరించుటలో బ్రౌను తన చదువు తీరును బయటపెట్టినాడు. నీతి యొకచోట, మతము వేరొకచోట, పరిహాసము మరియొకచోట. వేమన కీ విభాగములు లేవు. అచలయోగమును, రసవాదపు గూఢార్థమును, కులనిందయు ఆయన యాటవెలదిలో నొకే శ్వాసతో వచ్చును. వేరుచేసినచో నీతికవి మిగులును, యోగి జారిపోవును. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై చేసిన యుపన్యాసములను బ్రౌను వర్గీకరణముతో కలిపి చదువు విద్యార్థికి ఈ భేదము వెంటనే స్ఫురించును. శర్మగారి వేమనకు కోపము కలదు, సాధన కలదు, పతనము కలదు, లేచుట కలదు. బ్రౌను వేమనకు ముందుగా అభిప్రాయములు కలవు.

ఇంతవరకే యైనచో బ్రౌను, దుబ్వా త్రోవలోనివాడే యయియుండును. ఆయన గొప్పతన మాయన యాగకపోవుటయందున్నది. 1839 నాటి రెండవ కూర్పునకు పద్యముల సంఖ్య 1164 అయ్యెను. నాలుగువందల డెబ్బదికి పైగా పద్యములు పెరుగుట కేవల సంగ్రహాభిలాషయేనా? కాదనియే మా తలంపు. తనకు పోలినవానిని మాత్రమే ఏరుకొనుటకు 693 చాలును. మరుసటి యేడు ప్రకటించిన జంగముల మతాచారవాఙ్మయములపై వ్యాసమును దీనికి తోడుగా చూడవలెను. వీరశైవులయందు బ్రాహ్మణాధిక్యమును ధిక్కరించు సంస్కర్తలను చూచుట మరల పోలికయే. అది తన దేశపు ప్రొటెస్టెంటు చరిత్ర నీడ. కాని ఆ నీడను వెన్నంటిపోయి ఆయన బసవపురాణమును చేరెను. బసవపురాణమున పరిశుద్ధసంస్కర్తలే యుండరు; ముగ్ధభక్తులు కలరు, ఉన్మాదము కలదు, శివునితో జగడమాడువారు కలరు. పోలికతో తలుపు తెరచినవాడు లోపల పోలని వస్తువులను గూడ ఎదుర్కొనవలసివచ్చెను.

ఆ పిమ్మట బ్రౌను చేసిన పని మఱియు ఆశ్చర్యకరము. 1844లో వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును జూలూరి అప్పయ్య వ్యాఖ్యలతో ప్రకటించెను. విగ్రహనింద చేసిన వేమననుండి శ్లేషలతో నిండిన వసుచరిత్రమునకు నడచుట చిన్నదూరమా? వేమనను చదువుటకు స్వమతసంస్కారము సాయపడును. వసుచరిత్రమునకు ఏ సంస్కారమును సాయపడదు, పండితుని పాదముకడ కూర్చుండుట తప్ప. బ్రౌనును మలచినవారు మచిలీపట్టణమున తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యము అద్వైతబ్రహ్మశాస్త్రి, తరువాత జూలూరి అప్పయ్య మొదలగు పండితులు. కడపలో తన బంగళాలో స్వంతధనముతో పండితులను పోషించి ఆయన వ్రాతప్రతులను శోధింపజేసెను. సవాలు జవాబు పట్టీకిని, కడప బంగళాకును భేద మిచ్చట కలదు. రెండుచోట్లను జీత మిచ్చువాడే యడుగువాడు; కాని కడపలో అడిగిన ప్రశ్న ఆ పదమున కర్థమేమి, ఆ పాఠము సరియైనదేనా యనునది. ఆ ప్రశ్న యందు యజమాని విద్యార్థి యగుట తప్పదు.

నిఘంటువు దీనికి పరాకాష్ఠ. పోలికకు నిఘంటువు శత్రువు. మడి యను పదమునకు పవిత్రత యని చెప్పి యూరకుండిన బాగుగనే యుండును. కాని వరిమడి యడ్డువచ్చును, ఆరవేసిన మడిబట్ట యడ్డువచ్చును, మడికట్టుకొనుట యడ్డువచ్చును. ఆచారము, అంటు, మైల, ముడుపు, మ్రొక్కు - ఈ పదములకు బైబిలునందు సమానపదములు వెదకువాడు కొన్నిటికి పొందును, కొన్నిటికి పొందడు. పొందని చోటనే హైందవము ప్రారంభమగును. కావ్యప్రయోగములను, వాడుకమాటలను ప్రక్కప్రక్కన నుంచి అర్థభేదములను వేరుచేసిన ఆ పద్ధతి, మాటకు లోబడిన మనస్సును చూపును. బ్రౌను జీవితాంతము క్రైస్తవుడే. తెలుగు బైబిలు కృషియందును ఆయన చేయి కలదు. హైందవమును గూర్చి ఆయన వ్యాసములయందు కటువైన మాటలు లేకపోలేదు. వానిని దాచి చెప్పు సన్మానవ్యాసములు ఆయనకే యన్యాయము చేయుచున్నవి. అభిప్రాయమున దూరముగనే యుండి, పనియందు చేరువకు వచ్చినవాడాయన. ఆయన యభిప్రాయములకంటె ఆయన చేతిపని వివేకము గలది.

భ్రాంతిమంతమునకు సైతము ఒక యుదాహరణము కలదు. పదునెనిమిదవ శతాబ్దిమొదట పుంగనూరు మొదలగు చోట్ల ఫ్రెంచి జెసూటు గురువులు సన్న్యాసివేషముతో నివసించి తెలుగును, సంస్కృతమును నేర్చిరి. ఆ గురువుల సంఘమునం దెవరిచేతనో రచింపబడిన ఎజూర్ వేదమను గ్రంథమును వోల్టేరు ప్రాచీనవేదమని నమ్మి ఫ్రాన్సు రాజగ్రంథాలయమున కిచ్చెను. 1778లో అది యచ్చయ్యెను. కొలది యేండ్లకే సొన్నెరా దాని గుట్టు బయటపెట్టెను. వేదమునందు ఏకేశ్వరవాదమును చూడగోరినవానికి, చూడగోరిన దానినే వ్రాసి యిచ్చిన గ్రంథ మది. పోలిక తీరనపుడు వస్తువునే సృష్టించుకొనుట! దీనిని గూర్చి యింతకంటె చెప్పుట యనవసరము.

బ్రౌనునకు సరిగా ఎదురుదెసనుండి వచ్చినవాడు జేమ్స్ హెన్రీ కజిన్స్. మదనపల్లెతో నాయనకు గల సంబంధమువలన చిత్తూరుమండల సాహిత్యచరిత్రలో నాయనకు స్థానమున్నది. మన పరిశోధకు లింకను ఈయలేదు. 1873లో ఐర్లండునందలి బెల్ ఫాస్టు నగరమున మెథడిస్టు కుటుంబమున జన్మించి, ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనమున కవిగా, నాటకకర్తగా పేరు గడించెను. 1915లో అనీబిసెంటు పిలుపుపై భార్య మార్గరెటుతో చెన్నపట్టణమునకు వచ్చి, 1916 నాటి ఐరిష్ తిరుగుబాటును ప్రశంసించి వ్రాసినందున పత్రికోద్యోగమును గోల్పోయి, ఆపిమ్మట మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యాపకుడుగా, అధ్యక్షుడుగా వచ్చెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలకు అతిథియై జనగణమన గీతము నాంగ్లీకరించినదియు, మార్గరెటు దాని స్వరము కూర్చి వ్రాసినదియు అచ్చటనే. 1937లో కజిన్స్ హిందువై జయరామ నామమును గ్రహించెను. 1956లో మదనపల్లెలోనే కన్నుమూసెను. దంపతు లిద్దరును కలిసి వ్రాసిన ఆత్మకథ 1950లో వెలువడెను.

బ్రౌను కొండదిగువ నిలిచినవాడు. కజిన్స్ కొండ నెక్కినవాడు. ఇది స్థూలదృష్టి. పోలిక యను మన కొలమానముతో కొలిచినచో చిత్రము తారుమారగును. కజిన్సునకు ఉపమానము క్రైస్తవము గాదు. ఐర్లండునందే ఆయన మెథడిజమును వెనుక నిడి, జార్జి రసెల్ మొదలగువారి సాహచర్యమున దివ్యజ్ఞానమును, క్రైస్తవమునకు పూర్వపు కెల్టిక్ దేవతాగాథలను ఆశ్రయించెను. భారతదేశమున అడుగిడుటకు ముందే ఆయనకు హైందవము సిద్ధమైయుండెను. దివ్యజ్ఞానమున సర్వమతసార మొకటియే. సార మొకటియైనచో ఉపమ యెక్కడ? అది రూపకము. ఐర్లండు దేవతలు భారతదేవతలే, సూర్యుడు సూర్యుడే, కవి ఋషియే. సూర్యగీత మొదలగు ఆయన కావ్యముల పేర్లే ఈ యభేదమును చాటుచున్నవి. భేదము నిలువని చోట తప్పు చేయుటకుగూడ వీలుండదు. తప్పు చేయనివాడు నేర్చుకొనునది తక్కువ. 1917లో ఆయన ప్రకటించిన ఆంగ్లకవితావిమర్శను చదివి అరవిందులు భవిష్యత్కవిత్వమును గూర్చిన తమ వ్యాసపరంపరను ప్రారంభించిరి. విమర్శకుడుగా ఆయన యంతటివాడు. కవిగా మాత్ర మాయన హైందవమునకు ఊరు లేదు, పేరు లేదు. అది హిమాలయముల హైందవము, ఉపనిషత్తుల హైందవము. తాను నివసించిన సీమలో యేటేట జరుగు గంగమ్మజాతరకు ఆ వేదాంతమున చోటు వెదకుట కష్టము.

ఈ తీర్పు కఠినమని కొంద రనవచ్చును. హిందువునని చెప్పుకొనుటకు ఆయన కేలాభమును లేదు. ఆ ధైర్యమును మేము తక్కువచేయుట లేదు. మఱియు దంపతులలో మార్గరెటును విడిచి కజిన్సును తూచుట తగదు. ఆమె సంగీతమున పట్టభద్రురాలు. 1935లో ప్రాక్పశ్చిమ సంగీతములపై గ్రంథము వ్రాసినది. చెవి మనస్సువలె త్వరగా ఏకత్వము నంగీకరింపదు. రాగమును పాశ్చాత్య స్వరక్రమముగా పాడినచో అది రాగము గాదని చెవియే చెప్పును. ఆమె పనియందు భేదము నిలిచియున్నది. అందుచేతనే ఆమె వ్రాత మాకు ఎక్కువ ప్రియము.

భేద మనగా నేమో అలిపిరి యెగువ మోకాళ్లపర్వతముకడ మన కవియే తెలిసికొన్నాడు. తాళ్లపాక చిన్నన్న రచించి, 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో వెలువడిన అన్నమాచార్యచరిత్రమున ఆ ఘట్టము కలదు. బాలుడైన అన్నమయ్య చెప్పులతో మెట్లెక్కుచు నలసి సొమ్మసిల్లగా, అలమేల్మంగ యవ్వరూపమున వచ్చి, ఇది సాలగ్రామమయమైన కొండ, చెప్పులు విడిచి ఎక్కుమని బోధించెను. తెలుగునాట బుట్టి, వైష్ణవసంస్కారమున పెరుగవలసినవానికిని ఆ కొండ నొకరు చెప్పవలసివచ్చెను. కొండ గుడికి దారి గాదు, కొండయే స్వామి. ఈ విషయము సర్వమతసారమునుండి తేలదు. మోకాళ్లు నొచ్చినపుడు తెలియును. కొత్తవానికిని పాతవానికిని గల యంతరము జన్మమున కంటె, ఇట్టి విశేషములకు లోబడుటయందే యెక్కువ యున్నదని మే మనుట ఈ ఘట్టమును మనస్సున నుంచుకొనియే.

ఇంతవరకు చెప్పినవారందరు దూరదేశమునుండి వచ్చినవారు. దూరము లేని కొత్తవాడొకడు కలడు. అతనితో మన కొలమానమే పరీక్షకు వచ్చును.

గుఱ్ఱము జాషువ 1895లో వినుకొండలో క్రైస్తవకుటుంబమున జన్మించెను. పురాణము లాయనకు పరమతగ్రంథములు గావు; మాతృభాష. రుక్మిణీకల్యాణము వ్రాసినందులకు క్రైస్తవపెద్దలు ఆక్షేపించిరి; పంచముడైనందులకు హైందవపండితులు దూరముంచిరి. ఇట్టివానికి స్వమతము ఉపమానము, హైందవము ఉపమేయము అని చెప్పుటకు వీలగునా? ఛందస్సు, ప్రబంధభాష, సందేశకావ్యపద్ధతి, శివుడు, కాశి - ఇవి యన్నియు ఆయనకు ముందే యున్నవి. లేనిది ప్రవేశము. బ్రౌనునకు ప్రవేశమును పండితులు కల్పించిరి. కజిన్సునకు దివ్యజ్ఞానసమాజము కల్పించినది. జాషువకు ఎవ్వరును కల్పింపలేదు.

1941 నాటి గబ్బిలము నీ దృష్టితో చదువవలెను. మేఘసందేశమున యక్షుడు దూతగా మేఘము నెన్నుకొనుటకు కారణము విరహోన్మాదము. చేతనాచేతనవివేకము నశించినదని కాళిదాసు సమాధానపరచవలసివచ్చెను. జాషువకు అట్టి సమాధానముతో పని లేదు. అస్పృశ్యుడు గబ్బిలము నెన్నుకొనుట పూర్ణవివేకముతో. గబ్బిలమునకు గుడిలోనికి పోవుటకు అడ్డు లేదు. గర్భగుడి చూరునకే వ్రేలాడగలదు. పూజారి లేని సమయము చూచి శివుని చెవిని విన్నపము వేయగలదు. ఇచ్చట పోలికయే లేదు. ప్రాణులలో హీనమని లోక మెంచు పక్షికిని, మనుష్యునకును గల భేదమును కవి చూపినాడు. ఆ భేదమున మనుష్యుడే తక్కువ. ఉపమేయమున కాధిక్యము చెప్పుట వ్యతిరేకము గదా! ఇది దాని తలక్రిందైన రూపము. ఆధిక్యము పక్షికి.

మా వాదమున కిది గట్టిపరీక్ష. కొత్తవానిని పోలికతో కొలువవలెనంటిమి. విశేషములకు లోబడినవాడే లోనికి బోయినవాడంటిమి. జాషువ కావ్యమున విశేషములకు కొఱత లేదు. తంజావూరు కలదు, త్రోవలోని క్షేత్రములు కలవు, కాశీవిశ్వనాథుడు కలడు. ఏ బ్రౌనును, ఏ కజిన్సును ఇంత లోనికి బోలేదు. అయినను కావ్యనాయకుడు గుడివెలుపలనే యున్నాడు. కనుక జ్ఞానము వేరు, ప్రవేశము వేరు. హైందవమును తెలిసికొనుట యను విషయమున ఇంతవరకు సాగిన చర్చ యంతయు జ్ఞానమును గూర్చియే నడచినది. తలుపు కడ నిలిచి యెవరు తీయవలెనో, ఎవరికి తీయవలెనో అడిగిన గ్రంథము తెలుగున గబ్బిలమే.

1947లో మద్రాసు రాష్ట్ర దేవాలయప్రవేశశాసనము వచ్చెను. హిందువులలో నన్ని కులములవారికి గుడితలుపులు తెరవబడెను. అలిపిరి మెట్లును అందరివయ్యెను. గబ్బిలము నాయకుడు శివభక్తుడు, హిందువు. శాసన మతనికి వర్తించును. గబ్బిలము కవి క్రైస్తవుడు. శాసనము ఆయనకు వర్తింపదు. 1990 నాటి ప్రభుత్వపు టుత్తరువు ననుసరించి నేడు తిరుమలలో అన్యమతస్థుడు దర్శనమునకు ముందు స్వామియందు తనకు విశ్వాసము కలదని వ్రాసి సంతకము చేయవలెను. ఆ పత్రమును బ్రౌను చేతి కిచ్చినచో ఆయన మొదట దాని పాఠమును పరిష్కరించియుండును. కజిన్స్ సంతోషముతో సంతకము చేసియుండును. పురాణముల నన్నిటిని తెలుగుపద్యమునకు లోబరచికొన్న వినుకొండ కవి ఆ కలమును పట్టుకొని ఏమి వ్రాసియుండునో యూహించుటకు ఆయన కావ్యమునే మరల తెరవవలెను. సంతకము చేయువాని విశ్వాసమును గాక, చేయించువాని యధికారమును గూర్చియే ఆ కావ్యము మొదటినుండియు మాటాడుచున్నది.